శ్రీ కట్నం గారి దివ్యసముఖానికి

అయ్యా,

మా పెళ్లిచూపులకు మీరు ఎలా వేంచేస్తారో నాకు తెలుసు. అబ్బాయి తండ్రి ప్లేట్లోంచి జీడిపప్పు ఏరి నోట్లో వేసుకుని, "మాకు అడిగే అలవాటు లేదండీ, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం" అంటాడు. ఆ 'మీ ఇష్టం' తమరే. 1961లో మీ మీద చట్టం వచ్చాక మీ పేరు పలకడం తగ్గింది గానీ పెత్తనం తగ్గలేదు. ఇదంతా మన సొంత కళ అనుకునేదాన్ని. అఫ్రా బెన్ అనే ఇంగ్లిష్ రచయిత్రి నాటకాలు చదివాక తెలిసింది, 17వ శతాబ్దపు లండన్‌లోనూ తమరిదే రాజ్యమని.

అక్కడ మిమ్మల్ని 'పోర్షన్' అనేవారు. పెళ్లయితే పిల్ల తెచ్చిన డబ్బు మొగుడిదైపోయేది. బెన్‌కి మీ మీద కోపం కొత్తగా వచ్చింది కాదు. 1670లో వచ్చిన ఆవిడ మొదటి నాటకం పేరే 'బలవంతపు పెళ్లి'. కానీ మిమ్మల్ని చొక్కా పట్టుకుని స్టేజీ మీదకి లాగింది మాత్రం 1677లో, 'ద రోవర్' నాటకంలో.

కథ జరిగేది ఇటలీలోని నేపుల్స్‌లో, కార్నివాల్ రోజుల్లో. ఫ్లోరిండాకి తండ్రి డబ్బున్న ముసలివాణ్ణి కుదిర్చాడు. చెల్లెలు హెలీనాని సన్యాసినుల మఠానికి పంపాలని ఇంట్లో నిర్ణయం. ఆ చెల్లెలు అక్క పడకగదిని కళ్లకు కట్టినట్టు చెబుతుంది: ముసలాయన ఒళ్లు విరుచుకుని ఆవలిస్తాడు, తుపాకీ పేలినట్టు రెండు త్రేన్పులు తేన్చి, మాసిన దుప్పట్లలో వాలిపోతాడు. నువ్వు బట్టలు మార్చుకునేలోపే గురకపెట్టి రమ్మని పిలుస్తాడు. మఠానికి వెళ్లాల్సిన పిల్లకి ఇవన్నీ ఎలా తెలుసని అడక్కండి. అదే బెన్ చమత్కారం.

అసలు దెబ్బ ఏంజెలికా కొడుతుంది. ఆవిడ వేశ్య. గుమ్మం బయట తన బొమ్మ వేలాడదీసి, నెలకి వెయ్యి క్రౌన్లని ధర చెప్పింది. విల్మోర్ అనే చిల్లిగవ్వ లేని మొనగాడు వచ్చి, ప్రేమని అమ్ముకుంటావా, సిగ్గులేదా అని క్లాసు పీకాడు. ఆవిడ తాపీగా అడిగింది: మీకు పెళ్లి సంబంధం వస్తే పిల్ల అందం, తెలివి, గుణం అడుగుతారా, ఎంత తెస్తుందని అడుగుతారా? అది అనాగరికమైన ఆచారమే అని ఒప్పుకున్నాడు. పాపం, ఆవిడ కరిగిపోయింది. పైసా పుచ్చుకోకుండా మనసిచ్చేసింది.

ఇక్కడే తమరు నవ్వి ఉంటారు. ఎందుకంటే ఆ విల్మోరే, తను వెంటపడుతున్న జిప్సీ పిల్ల, అంటే జిప్సీ వేషంలో ఉన్న హెలీనా, డబ్బున్నదని తెలియగానే, "నా జిప్సీ రెండు లక్షల క్రౌన్లా!" అని ఎగిరి గంతేశాడు. హెలీనాకి వాళ్ల మామయ్య వదిలివెళ్లింది మూడు లక్షలు. పుకారు కట్నాన్ని తగ్గించి చెప్పడం లోకంలో అదొక్కసారే అయ్యుంటుంది. ఉత్తి చేతులతో ప్రేమించిన ఏంజెలికా ఏడుస్తూ పోయింది, మూడు లక్షలున్న హెలీనా గెలిచింది.

ఆ పిల్లేమీ అమాయకురాలు కాదు. పెళ్లి లేకుండా ప్రేమిస్తే నాకు మిగిలేదేమిటి, ఊయల నిండా గోల, వీపు మీద పశ్చాత్తాపం మూట అని విల్మోర్ మొహం మీదే లెక్క చెప్పింది. అన్నయ్యకి ఇంకో లెక్క: ఆ మూడు లక్షలు దేవుడి మీదకంటే ప్రేమ మీద పెడితే నయమట. ప్రేమ గురించి ఇంత సూటిగా జమాఖర్చు రాసినవాళ్లు నాకు ఇంకెవరూ తగల్లేదు.

1681లో బెన్ రెండో భాగం రాసింది. అందులో హెలీనా అప్పటికే చనిపోయింది. విల్మోర్ ఈసారి తాళీ గీళీ లేకుండా ఒక వేశ్యతో కలిసిపోయాడు. తమర్ని కథలోంచి పంపించాలంటే బెన్‌కి పెళ్లినే పంపించేయాల్సి వచ్చింది!

ఇట్లు,
"కట్నం వద్దు" అని ఇంట్లో చెబితే, "అంటే ఈ సంబంధం వద్దనేగా?" అనిపించుకున్న అమ్మాయి