సవరణ: ఆనా మెండియెటా వలస, మట్టిబొమ్మలు

క్యూబాలో పుట్టిన కళాకారిణి ఆనా మెండియెటా గురించి నేను ఇంతకు ముందు రాసిన వ్యాసంలో రెండు తప్పులు దొర్లాయి. ఆమె తల్లిదండ్రులతో కలిసి అమెరికాకు వలస వెళ్ళిందని రాశాను. నిజానికి 1961లో, 12 ఏళ్ళ వయసులో, ఆమెనూ అక్కనూ కన్నవాళ్ళు తోడు లేకుండానే పంపించారు. ఇద్దరూ అయోవాలో అనాథాశ్రమాల్లో, పరాయి ఇళ్ళలో పెరిగారు. ఈ ఎడబాటును వదిలేస్తే నేలను తల్లిగా తలచిన ఆమె కళ అర్థమే మారిపోతుంది కనుక ఈ తప్పు నన్ను ఎక్కువగా బాధించింది.

తన ఒంటి ఆకృతిని నేలపై తీర్చిన ‘సిలువెటా’ (నీడరూపం) వరుసలోని పనులన్నీ మెక్సికోలో చేసినవని రాయడం రెండో తప్పు. 1973లో యాగుల్‌లోని పాత సమాధిలో ఆమె పడుకోగా, ఒంటిలోంచే మొలిచినట్టు తెల్లపూలు కప్పి ఉన్న ఛాయాచిత్రం మెక్సికోదే. అయితే అయోవా వాగుల ఒడ్డున బురదలో, మంచులో, మంటతో తీర్చిన ఆకృతులూ అనేకం ఉన్నాయి. బుల్‌డోజర్లతో నేలను తవ్వి కళాకృతులు చేసిన సమకాలిక కళాకారులకు భిన్నంగా, ఆమె చాలా పనులను వానకూ నీటికీ వదిలేసింది.

1981లో క్యూబాకు వెళ్ళినప్పుడు హరూకో సున్నపురాతి గుహల్లో చెక్కిన బొమ్మలకు, వలసపాలన తుడిచిపెట్టిన, క్యూబా మూలవాసులైన తైనోల దేవతల పేర్లు పెట్టిందన్న భాగంలో మార్పు లేదు.