గుడ్ ఫ్రైడే రాత్రి సాక్ష్యాలు వద్దు

ప్రతి ఏడూ మట్టల ఆదివారం దగ్గర పడేసరికి ఇక్కడి తెలుగు లూథరన్ (మార్టిన్ లూథర్ బాటలో నడిచే ప్రొటెస్టెంట్ క్రైస్తవుల) కూటాల్లో ఒక చర్చ లేస్తుంది. అమెరికాలో గుడ్ ఫ్రైడే ఫెడరల్ సెలవు కాదు. ఆఫీసు ముగించుకుని, పిల్లల్ని తయారుచేసి, ట్రాఫిక్‌లో పడి వచ్చినవాళ్లను భోజనం పెట్టకుండా ఎలా పంపుతాం? గంటలో ఆరాధన ముగించి, ఎవరికైనా సాక్ష్యం, అంటే దేవుడు తమకు చేసిన మేలు గురించి అందరి ముందు చెప్పుకునే మాట, ఉంటే చెప్పించి, పిల్లల చేత ఒక యాక్షన్ సాంగ్ చేయిస్తే నిండుగా ఉంటుంది కదా అంటారు. అడిగేవాళ్లవి మంచి మనసులే. వంటకు ముందుగా చెయ్యెత్తేదీ వాళ్లే. అయినా నేను వద్దనే అంటాను. ఆ రాత్రి నిండుగా ఉండకూడదు.

ఈ పత్రిక చదివేవాళ్లలో చర్చి గడప తొక్కనివాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి అక్కడ ఏం జరుగుతుందో కాస్త చెప్పాలి. మొదలయ్యేది గురువారం రాత్రే. యేసు చివరి భోజనాన్ని తలుచుకునే ప్రభు రాత్రి భోజన సంస్కారం అయ్యాక బల్ల మీది గుడ్డలు, కొవ్వొత్తి స్తంభాలు, పాత్రలు ఒక్కొక్కటే మోసుకెళ్లి లోపల పెట్టేస్తారు. ఆ సేపంతా ఇరవై రెండో కీర్తన చదువుతారు. మర్నాడు సాయంత్రం వచ్చేసరికి ఎదురుగా ఉత్త చెక్కబల్ల. పూలుండవు, గంట మోగదు. యోహాను సువార్తలోని శ్రమల కథ, అంటే యేసు బాధల, మరణపు కథ, మొదటి నుంచి చివరిదాకా చదువుతారు. ఒక పెద్ద కర్ర సిలువను నడవ వెంట తెస్తూ మధ్యమధ్య ఆగి, లోకరక్షకుడు వేలాడిన మాను ఇదే అని పాడతారు. టెనెబ్రే పద్ధతి పాటించే సంఘాల్లోనైతే ఒక్కో పాఠానికి ఒక్కో కొవ్వొత్తి ఆర్పుకుంటూ పోయి, చివర చీకట్లో ఒక బరువైన పుస్తకాన్ని దబ్బున మూస్తారు. సమాధి మూసుకున్న చప్పుడన్నమాట. ఆశీర్వచనం ఉండదు. మాట్లాడకుండా లేచి వెళ్లిపోవాలి. మనవాళ్లకు అన్నిటికంటే కష్టమైన భాగం ఇదే. పార్కింగ్ లాట్ దాకా ఓర్చుకుని అక్కడ మొదలెడతారు.

గుంటూరు వైపు పెరిగినవాళ్లకు గుడ్ ఫ్రైడే అంటే గుర్తొచ్చేది చీకటి కాదు, మిట్టమధ్యాహ్నం. పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలు, మాటకొక ప్రసంగీకుడు. తెల్ల చీరలు, తెల్ల చొక్కాలు, పైన గాలికంటే చప్పుడెక్కువ చేసే ఫ్యాన్లు. పొద్దుటి నుంచి ఉపవాసం. నాలుగో మాట దగ్గర, 'నన్నెందుకు చెయ్యి విడిచితివి' అన్నచోట, వెనక వరసల్లో ముసలమ్మలు ఏడుస్తారు. ఐదో మాట 'దప్పిగొనుచున్నాను'. ఏప్రిల్ ఎండలో, మంచినీళ్లు ముట్టని సంఘానికి ఆ మాట మీద ప్రసంగించేవాడు పెద్దగా వివరించాల్సిందేమీ ఉండదు. ఏడుగురిలో ఒకరిద్దరు తప్పకుండా టైము మించుతారు, ఆరో మాటవాళ్లు హడావిడి పడతారు. అదీ అందులో భాగమే. పద్ధతి వేరు, పాట వేరు, కానీ రెండు చోట్లా పని ఒకటే: జరిగిన చావు దగ్గర కూర్చోవడం, యేసు తిరిగి లేచిన ఈస్టర్ ఆదివారం గురించి ముందే చెప్పేయకపోవడం.

లూథరన్లు దీన్ని ఇంత పట్టుదలగా ఎందుకు కాపాడుకుంటారంటే 1518 దగ్గరికి వెళ్లాలి. ఆ ఏడాది ఏప్రిల్‌లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో తన మఠ సోదరుల ముందు మార్టిన్ లూథర్ కొన్ని సిద్ధాంత వాక్యాలు పెట్టి వాదించాడు. చర్చి తప్పుల మీద తన ఊరు విటెన్‌బర్గ్‌లో ఆయన పెట్టిన 95 వాక్యాలకు వచ్చినంత పేరు వీటికి రాలేదు కానీ, నన్నడిగితే అసలు లూథర్ ఇక్కడే దొరుకుతాడు. దేవుణ్ణి వెతికే దారులు రెండంటాడు. ఒకటి మహిమ వేదాంతం: బలం, విజయం, జ్ఞానం ఎక్కడ కనబడితే అక్కడ దేవుడున్నాడనుకోవడం. రెండోది సిలువ వేదాంతం: దేవుడు తనను తాను చూపించుకోవడానికి ఎన్నుకున్న చోటు ఓటమి, అవమానం, నొప్పి అని ఒప్పుకోవడం. ఇరవై ఒకటో వాక్యం సారం ఇది: మహిమ వేదాంతి చెడును మంచి అంటాడు, మంచిని చెడు అంటాడు, సిలువ వేదాంతి ఉన్నది ఉన్నట్టు చెబుతాడు.

ఇప్పుడు మన సాక్ష్యాల సంగతికి వస్తాను. వీసా స్టాంపింగ్ అయింది, దేవునికి స్తోత్రం. గ్రీన్ కార్డుకి కంపెనీ వేసిన ఐ-140 అప్రూవ్ అయింది, ఇల్లు క్లోజింగ్ అయింది, బాబుకి మంచి కాలేజీలో సీటొచ్చింది. ఇవి చెప్పుకోవద్దని కాదు, కృతజ్ఞత మంచిదే. కానీ ఇదే వరస ఏళ్లతరబడి వింటే వినేవాళ్ల మనసులో ఒక లెక్క తయారవుతుంది. అన్నీ వచ్చినవాళ్ల దగ్గర దేవుడున్నాడు. మరి లేఆఫ్ అయినవాడి దగ్గర? హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజుల గడువు. ఆ లోపు ఇంకొక కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వేరే దారి చూసుకోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. ఆ అరవై రోజుల్లో ఉన్నవాళ్లెవరూ మైకు దగ్గరికి రారు. అసలు కూటానికే రావడం మానేస్తారు. గర్భం నిలవనివాళ్లు, విడాకుల కాగితాలు చేతిలో ఉన్నవాళ్లు, ఊళ్లో తండ్రి పోయినా స్టేటస్ సమస్యతో వెళ్లలేక వీడియో కాల్లో అంత్యక్రియలు చూసినవాళ్లు, అందరూ అంతే. మనం ఎవర్నీ పొమ్మనలేదు. మన సంతోషం చప్పుడుకి వాళ్లే వెళ్లిపోయారు.

వాళ్లు వచ్చి కూర్చోగలిగిన ఆరాధన ఏడాదిలో ఒకటుంది. అక్కడ ఎవరూ ఏ శుభవార్తా చెప్పనక్కర్లేదు. 'ఎలా ఉన్నారు' అని అడిగేవాళ్లుండరు కాబట్టి 'బాగున్నాం' అని అబద్ధమాడాల్సిన అవసరమూ లేదు. యేసే చెయ్యి విడిచావని తండ్రితో గట్టిగా అరిచిన రోజు అది. ఆ ఒక్క రాత్రీ మైకు తెచ్చి ఇల్లు కొన్న కబురు వినిపిస్తామంటే నాకు ఒళ్లు మండుతుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. సిలువ పేరు చెప్పి మనవాళ్లు నోళ్లు మూయించడం తక్కువేమీ కాదు. భర్త కొడుతున్నాడని చెప్పుకున్న అమ్మాయికి 'ఎవరి సిలువ వాళ్లు మోయాలమ్మా' అని పెద్దలు సర్దిచెప్పిన ఇళ్లు ఇండియాలోనూ ఉన్నాయి, న్యూజెర్సీలోనూ ఉన్నాయి. లూథర్ చెప్పింది ఇది కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడమంటే దెబ్బను దెబ్బ అనడం, నేరాన్ని నేరం అనడం. సిలువ వేసింది రోము ప్రభుత్వం, బానిసలకూ తిరగబడ్డవాళ్లకూ వేసే శిక్ష అది. దాని మీద చచ్చిపోయినవాడి పక్షాన నిలబడ్డామంటే మేకులు కొట్టేవాడికి వత్తాసు పలకలేం.

ఇంకొకటి. ఆ శిక్ష వేసింది ఊరి బయట. బైబిల్లో హెబ్రీయులకు రాసిన ఉత్తరం దాన్నే 'గవిని వెలుపట', అంటే ఊరి ద్వారం బయట, అంటుంది. ఈ రెండు మాటలు మనవాళ్లకు అర్థమైనట్టు విటెన్‌బర్గ్ వాళ్లకు కూడా అర్థమై ఉండవు. పెన్సిల్వేనియా లూథరన్లు పంపిన మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరింది 1842లో. ఆంధ్రా ఇవాంజెలికల్ లూథరన్ చర్చి 1927లో ఏర్పడింది. ఆ మధ్యకాలంలో సంఘం పెరిగింది ఎక్కువగా మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో. ఊరి బావిలో నీళ్లు తోడనివ్వని మనుషులు, ఊరి బయట ఇళ్లున్న మనుషులు, ఊరి బయట చంపబడిన దేవుడి కథ విన్నారు. మిషనరీ బడి, ఆస్పత్రి లాగాయని అంటారు, నిజమే, అవీ లాగాయి. కానీ ఆ కథలో తమ పల్లె ఎటువైపుందో వాళ్లకు ఎవరూ చూపించనక్కర్లేకపోయింది. ఇక్కడికొచ్చాక మనలో చాలామంది 'మీదే ఊరండీ' అంటే ఊరి పేరు చెబుతారు, ఊళ్లో ఎటువైపో చెప్పరు. అసోసియేషన్ భోజనాల దగ్గర ఆ ప్రశ్న ఎందుకడుగుతారో అడిగేవాళ్లకూ తెలుసు, చెప్పేవాళ్లకూ తెలుసు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్న లూథర్‌కే ఆ కొలబద్ద పెట్టాల్సి వస్తుంది. 1543లో యూదుల మీద ఆయన రాసినవి చదివితే తల దించుకోవాలి. వాళ్ల ప్రార్థనా మందిరాలు తగలబెట్టమన్నాడు. యూరప్‌లో గుడ్ ఫ్రైడే వచ్చిందంటే యూదులు తలుపులు వేసుకుని భయపడే రోజులుండేవి, యేసును చంపిన జాతి అన్న నింద ప్రసంగ పీఠం మీది నుంచే వచ్చేది కాబట్టి. అమెరికాలోని ఇవాంజెలికల్ లూథరన్ చర్చి 1994లో లూథర్ రాసిన ఆ మాటలు తమవి కావని బహిరంగంగా ప్రకటించింది. ఈ రోజు ఆ చర్చి గుడ్ ఫ్రైడే క్రమంలో ఒక పొడుగాటి విజ్ఞాపన ఉంటుంది. యూదుల కోసం, మన విశ్వాసం లేనివాళ్ల కోసం, దేవుణ్ణే నమ్మనివాళ్ల కోసం, అధికారంలో ఉన్నవాళ్ల కోసం, కష్టంలో ఉన్నవాళ్ల కోసం వరసగా ప్రార్థిస్తారు. ఈ పత్రిక చదివే హిందూ, ముస్లిం మిత్రులకు తెలియకపోవచ్చు, ఆ రాత్రి మీరూ అందులో ఉంటారు. మిమ్మల్ని మార్చమని కాదు, వేరే పేర్లతో పిలిచేవాళ్లందర్నీ దేవుడు అక్కున చేర్చుకోవాలని, మతాల మధ్య తగవులు ఆగాలని.

పొడుగు గురించి ఒక మాట. గంటలో ముగించాలన్న కంగారు ఎందుకో నాకు అర్థం కాదు. 1724లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో సంగీతకర్త బాఖ్ తన యోహాను శ్రమల సంగీతాన్ని మొదటిసారి వినిపించింది గుడ్ ఫ్రైడే సాయంత్రపు ఆరాధనలోనే, కచేరీలో కాదు. రెండు భాగాలకు నడుమ ప్రసంగం కూడా ఉంది. మూడు గంటల సినిమాకి ఇంటర్వెల్ పాప్‌కార్న్‌తో కూర్చునే మనం సిలువ దగ్గర వాచీ చూసుకుంటున్నాం.

పిల్లలు భయపడతారనేది అన్నిటికంటే బలమైన అభ్యంతరం, దాన్ని కొట్టిపారేయను. పుస్తకం మూసిన చప్పుడుకి చిన్నవాళ్లు ఉలిక్కిపడి ఏడవడం నేనూ చూశాను. అయితే ముందుగా చెప్పండి. ఇలా చీకటవుతుంది, ఒక పెద్ద చప్పుడొస్తుంది, ఒక్క కొవ్వొత్తిని మాత్రం ఆర్పకుండా పక్కకి తీసుకెళ్లి మళ్లీ తెస్తారు, ఎక్కడికెళ్లిందో చూస్తూ ఉండు అనండి. ఆ కొవ్వొత్తి మీద నుంచి కళ్లు తిప్పరు. తాతయ్య పోయినప్పుడు ఏం చెప్పాలో తెలియక ఐప్యాడ్ చేతికిచ్చిన ఇళ్లలో పిల్లలకి చావు గురించి కూర్చుని మాట్లాడే అవకాశం ఇదొక్కటే కావచ్చు. మరీ చిన్నపిల్లలుంటే నర్సరీ గది తెరిచి ఉంచండి, వంతులవారీగా ఇద్దరు పెద్దలు కూర్చుంటే సరిపోతుంది.

కాబట్టి కమిటీవారికి నా మనవి ఇది. శుక్రవారం ఆరాధనను శనివారానికి జరపొద్దు. ఏడున్నరకి పెడితే ఆఫీసులవాళ్లు అందుకుంటారు. వీలైతే ఏడు మాటల్లో రెండు మూడు ఆడవాళ్లకి, ఒకటి కాలేజీ పిల్లలకి ఇవ్వండి, ఇంగ్లీషులో మాట్లాడినా ఫర్వాలేదు. ప్రొజెక్టర్, ప్రకటనలు, ఫొటోలు వద్దు. ఆకలేసినవాళ్లు ఇంటికెళ్లి పెరుగన్నం తింటారు. పులిహోర, చికెన్ కూర, సాక్ష్యాలు, యాక్షన్ సాంగ్ అన్నీ ఆదివారానికి పెట్టుకుందాం. ఆ రోజు ఎంత గోల చేసినా నేనేమీ అనను, గిన్నెలు కడిగే డ్యూటీ నాకే వేయండి.