తుపాకీ సుత్తి లాంటిదేనా?

అమెరికాలో ఎక్కడ కాల్పులు జరిగినా రెండు రోజుల్లో ఈ మెసేజ్ మన తెలుగువాళ్ల ఫోన్లలోకీ వచ్చేస్తుంది. "తుపాకీ ఒట్టి పనిముట్టు, సుత్తి లాంటిదే. తప్పు చేతిది. కార్ల వల్ల అంతకంటే ఎక్కువమంది పోతున్నారు, కార్లు మానేస్తామా? దసరాకి పారనీ తుపాకీనీ ఒకేలా పూజించమా?" అని. ఒక్కో ముక్కా చూద్దాం.

సుత్తి లాంటిదే అంటే ముందు ఒప్పుకోనిది అమెరికా చట్టమే. సుత్తి, నిచ్చెన, డ్రిల్లు లాంటి వస్తువుల భద్రత చూడటానికి అక్కడ ఒక ప్రభుత్వ కమిషన్ ఉంది. తుపాకులనీ తూటాలనీ మాత్రం దాని పరిధిలోకి రానివ్వలేదు. తుపాకీ హక్కుకి ఆధారంగా చూపే అమెరికా రాజ్యాంగం రెండో సవరణలో ఉన్న మాట 'ఆర్మ్స్' (ఆయుధాలు), టూల్స్ కాదు. ఇంట్లో తుపాకీ ఉంచుకోవడం హక్కేనని 2008లో హెల్లర్ కేసులో తీర్పిచ్చిన సుప్రీంకోర్టు కూడా పిస్టల్‌ని ఆత్మరక్షణకు అసలు సిసలు ఆయుధంగానే చూసింది. హక్కు అడిగేటప్పుడు ఆయుధం, నింద మీద పడేటప్పుడు పనిముట్టు. ఏ ఎండకా గొడుగంటే ఇదే.

కార్ల లెక్క తప్పు. 2021లో అమెరికా రోడ్ల మీద పోయినవాళ్లు సుమారు 43 వేలు. తుపాకీ వల్ల పోయినవాళ్లు 48,830. పైగా కారుకి లైసెన్సు, రిజిస్ట్రేషన్, దాదాపు అంతటా ఇన్సూరెన్సు ఉండాలి. సరే, తుపాకీ మానొద్దు, ఆపాటి కట్టుబాట్లు దానికీ పెడదామంటే ఈ మెసేజ్ పంపేవాళ్లు ఒప్పుకుంటారా?

ఇక తప్పు చేతిదట. ఆ 48,830 మందిలో సగానికి పైగా ఆత్మహత్యలే. అక్కడ ఎవరి చేతిని తప్పు పడతాం? మనసు మార్చుకోవడానికి కాస్త వ్యవధి దొరికితే బతికేవాళ్లు ఉంటారు. తుపాకీ ఆ వ్యవధి ఇవ్వదు.

ఆయుధపూజ మాట మాత్రం చదివి నవ్వుకున్నాను. దసరా రోజు లారీకీ, కుట్టుమిషన్‌కీ, స్పానర్లకీ పసుపు కుంకుమ పెట్టి ఆయుధాలంటాం. ఆ ఒక్కరోజు పారకి ఆయుధమన్న గౌరవం ఇస్తున్నాం గానీ తుపాకీని పార అనడం లేదుగా!

"మరి అడవిపందుల నుంచి చేను కాపాడుకునే రైతుకి?" అని మా బాబాయి అడిగారు. న్యాయమైన ప్రశ్న. అక్కడ తుపాకీ చేసేది పనిముట్టు పనే. అయినా మన 1959 ఆయుధాల చట్టం చూడండి. కేవలం ఇంటికీ వ్యవసాయానికీ చేసిన వస్తువులు ఆయుధాలు కావంటూ లాఠీని, చేతికర్రని పేరుపెట్టి మరీ మినహాయించింది. పంట కాపలాకి మందు దట్టించి పేల్చే తుపాకీ కావాలంటే మాత్రం లైసెన్సు తీసుకోమంది. ఎన్నికల కోడ్ రాగానే లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో డిపాజిట్ చేయమని చెబుతారు. పారలూ కొడవళ్లూ తెచ్చి అప్పజెప్పమని ఏ ఎస్సై నుంచీ మా ఊరికి ఇంతవరకూ కబురు రాలేదు.