షుగర్ తగ్గిస్తుందంటున్న ఆ రసం సీసా మీద ఏముందో ఎవరైనా చదివారా?

వారంలో నలుగురు పంపారు ఆ మెసేజ్. పర్లాకిమిడి చుట్టాల గ్రూపులో ఇద్దరు, పాతపట్నం నుంచి పాత క్లాస్‌మేట్ ఒకడు, ఆఖరికి మా మేనత్త. ‘‘మహేంద్రగిరి మూలికల రసం. పూటకు 15 ఎంఎల్. 21 రోజుల్లో షుగర్ మాయం. ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆమోదం ఉంది. ఇన్సులిన్ మానేయొచ్చు.’’

అత్తయ్య అప్పటికే సీసా కొనేసింది. గుమ్మం దగ్గర వెలుతురులో పెట్టి, ఫోన్ కెమెరాతో జూమ్ చేసి లేబుల్ మొత్తం చదివాను.

మహేంద్రగిరి ఊసే లేదు. తయారైంది వేరే రాష్ట్రంలో. మన కొండ పేరు చెబితే మనం నమ్ముతామని ఎవరో కలిపారు.

ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే దేశ ఆహార భద్రతా సంస్థ, ఇచ్చే 14 అంకెల నంబరు ఉన్నమాట నిజమే. అది ఆహార పదార్థం తయారుచేసి అమ్ముకోవడానికి ఇచ్చిన లైసెన్సు. షుగర్ తగ్గుతుందని పరీక్షించి ఇచ్చింది కాదు. దాని పక్కనే ‘నాట్ ఫర్ మెడిసినల్ యూజ్’ అని ఉంది. ఆ సంస్థ నిబంధనల ప్రకారం ఇలాంటి సప్లిమెంట్ల మీద ఆ మాట వేసి తీరాలి. ఇది మందు కాదని సీసాయే చెబుతుంటే మందని మీరెలా పంచుతున్నారు? షుగర్ నయం చేస్తామని ప్రకటించడం మాయమందుల ప్రకటనల మీద వచ్చిన 1954 చట్టం ప్రకారం నేరం కూడా.

21 రోజుల మాటకి రుజువుగా ఒకాయన హెచ్‌బీఏ1సీ రిపోర్టు ఫొటో పెట్టారు. ఆ పరీక్ష చూపించేది రక్తంలో షుగర్ రెండు మూడు నెలల సగటు, 21 రోజులది కాదు. ఆయన అన్నం తగ్గించారా, బిళ్లలు వేసుకుంటూనే ఉన్నారా? ఒక్క ముక్క లేదు.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. మూలికల్లో సత్తువ లేదని నేననను. చిన్నప్పుడు తాతయ్య పొడపత్రి ఆకు నమిలించి పంచదార నోట్లో వేశాడు, ఇసక నమిలినట్టే ఉంది. షుగర్ బిళ్ల మెట్‌ఫార్మిన్‌కి దారి చూపింది కూడా గలేగా అనే మొక్కే. కానీ ఆ బిళ్ల మీద 500 ఎంజీ అని ఉంటుంది. ఈ సీసా మీద ఎనిమిది మూలికల పేర్లున్నాయి, ఏది ఎంత వేశారో లేదు.

నాకు నిజంగా కోపం తెప్పించింది మెసేజ్‌లోని చివరి వాక్యం. అత్తయ్య అది నమ్మి నాలుగు రోజులు ఇన్సులిన్ ఆపేసింది. అయిదో రోజు పొద్దున్నే వాంతులు, ఎంత తాగినా తీరని దాహం. షుగర్ చూసే మిషన్ పెడితే అంకె రాలేదు, ‘హై’ అని వచ్చింది. అంటే అది కొలవగలిగే హద్దు కూడా దాటిపోయింది. బరంపురం తీసుకెళితే మూడు రోజులు సెలైన్, గంటగంటకీ వేలు గుచ్చడం. ఇప్పటికీ ఆవిడ వేళ్ల చివర నల్లటి చుక్కలున్నాయి.

ఆవిడది టైప్ 2 కాబట్టి నాలుగు రోజులు నెట్టుకొచ్చింది. మన గ్రూపులోనే టైప్ 1 ఉన్న పిల్లాడి తల్లి ఉంది. ఆ పిల్లాడి ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారే కాదు. ఆపేస్తే ఒకటి రెండు రోజుల్లోనే కీటోన్లనే ఆమ్లాలు పేరుకుని రక్తంలో ఆమ్లం పెరిగిపోతుంది, ప్రాణం మీదికొస్తుంది. ఏ రసమూ దాన్ని ఆపలేదు. ‘మంచిదే కదా, ఎవరికైనా పనికొస్తుందని పంపాను’ అంటున్నారు. ఆ తల్లి కూడా నమ్మి ఉంటే?

అత్తయ్య మళ్లీ ఇన్సులిన్ వేసుకుంటోంది. సీసా నా దగ్గరే ఉంది. పంపిన నలుగురూ ఈ రాత్రికే అదే గ్రూపుల్లో రాయండి: ‘ఇన్సులిన్ ఆపొద్దు, మేం పంపింది తప్పు’ అని.