గచ్చుకు చెమట పడుతుందా అట!

మేస్త్రీని ఇప్పుడే పంపించేశాను. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

హాల్లో గచ్చు మీద వినైల్ పలకలు, అంటే ఒకరకం ప్లాస్టిక్ పలకలు, అతికించాలి. పెద్దమనిషి వస్తూనే చీపురుతో నాలుగు ఊపులు ఊపి జిగురు డబ్బా మూత తీశాడు. పాత రంగు మరకలు గీకలేదు, పగుళ్లు పూడ్చలేదు. ముఖం కడగకుండా పౌడరు రాసినట్టు! ఇదేమిటయ్యా అంటే "ఎన్నో ఇళ్లకు వేశానండీ" అన్నాడు. విజయవాడలో ఏ పనివాణ్ణి ఏమడిగినా ఇదే జవాబు. మా స్నానాలగదిలో నీళ్ల వాటం హాలు వైపు పెట్టినవాడూ ఎన్నో ఇళ్లకు చేసినవాడే.

రాత్రి ఓ మూల గచ్చు మీద ప్లాస్టిక్ కవరు పరిచి, అంచుల చుట్టూ టేపు వేసి ఉంచాను. అతని కళ్లముందే ఊడదీశాను. కవరు అడుగున ఆవగింజలంత నీటి బొట్లు, కింద గచ్చు నల్లబడి ఉంది. "గచ్చుకు చెమట పడుతుందా అండీ" అని నవ్వాడు. పడుతుంది నాయనా! నేల చెమ్మ కాంక్రీటులోంచి పైకి వస్తుంది. దాని మీద గాలాడని వినైల్ కప్పితే ఎటు పోతుంది? జిగురును వదలగొట్టి పలకల్ని లేపుతుంది. కొత్త కాంక్రీటుకు చెప్పే 28 రోజులు కూడా బలం రావడానికే, తడి ఆరడానికి కాదు. చెబితే నన్నే ఎగాదిగా చూస్తారు.

ఇక మట్టం. పది అడుగుల బద్ద పెడితే అయిదు మిల్లీమీటర్ల కంటే సందు ఉండకూడదు. మా హాల్లో బద్ద కింద నా బొటనవేలు దూరింది. మిట్ట అరగదీసి గుంట పూడ్చాలా, వద్దా? "అక్కడ జిగురు కాస్త మందంగా పెడదామండీ." ఆహా!

అసలు ఈ మహానుభావుణ్ణి పంపింది ఎవరనుకున్నారు? మా బావగారు. ఉండేది పటమటలో, కానీ మేముండే సింగ్‌నగర్ ఇళ్ల గురించి అన్నీ ఆయనకే తెలుసు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా ఇంట్లోకి వచ్చి, బియ్యం డబ్బా హాల్లో తేలుతుంటే ఫోను చేసి, "ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిందట, టీవీలో చూశావా" అని అడిగారు. కరెంటు లేని ఇంట్లో టీవీ! పైగా అది కృష్ణ, మమ్మల్ని ముంచింది బుడమేరు. నీళ్లు తీశాక బురద ఎత్తిపోయడానికి మనిషి సాయం లేదు కానీ, "గచ్చు కడిగేస్తే కొత్తదైపోతుంది" అన్న సలహా మాత్రం అందింది.

బావగారూ, మీరూ ఇది చదువుతారని తెలుసు. రేపు గచ్చు అరగదీసే మిషను వస్తోంది. చెమ్మ ఆపే పూత వేసి, అది ఆరాకే పలకలు. ముహూర్తం దాటిపోతుందని ఫోను చేయకండి. దాటితే దాటనివ్వండి.