ఎడిన్‌బరోను ఇచ్ఛాపురానికి అతికించిన మెసేజ్

మళ్ళీ వచ్చింది. ఈసారి పంపింది మా డిగ్రీ బ్యాచ్ గ్రూపులో పండగ శుభాకాంక్షలు తప్ప ఇంకేమీ పెట్టని మిత్రుడు. అంతకు ముందు మా తోడల్లుడు, ఆయనకు ముందు టెక్కలిలో మందుల దుకాణం నడిపే పెద్దాయన. మిత్రుడు కింద ఒక మాట కూడా జోడించాడు: "చదివి నీ అభిప్రాయం చెప్పు బావా." చదివాను బావా. నా అభిప్రాయం గ్రూపులో పట్టేంత చిన్నది కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

చూడని అదృష్టవంతుల కోసం ముందు ఆ మెసేజ్ సంగతి. "స్కాట్లాండ్‌ను అడిగారు, ఉత్తరాంధ్రను ఎందుకు అడగరు?" అన్నది శీర్షిక. మూడు వందల ఏళ్ళు బానిసలుగా బతికిన స్కాట్లాండ్ ప్రజలు లండన్ మెడలు వంచి 2014లో స్వాతంత్ర్యం మీద ఓటింగు సాధించారట. చమురు డబ్బుతో దర్జాగా బతకగలిగేవారట. రిగ్గింగు చేసి ఓడించారట. ఆ ఓటు అక్కడ పుట్టినవాళ్ళకే ఇచ్చారట. మన మూడు ఉమ్మడి జిల్లాల్లోనూ అలాగే ఓటింగు పెట్టి ప్రత్యేక రాష్ట్రం ఇవ్వాలట, రాజ్యాంగం మూడో అధికరణం ఆ హక్కు ఇచ్చిందట, అయినా ఈ దేశంలో ఏనాడూ ఎవరినీ అడిగిన పాపాన పోలేదట. చివర ఒక మ్యాపు, దాని కింద పది గ్రూపులకు పంపమని ఆజ్ఞ.

ప్రత్యేక రాష్ట్రం కావాలా వద్దా అన్నది వేరే చర్చ. దాని మీద నాకో అభిప్రాయం ఉంది, ఇక్కడ చెప్పను. కావాలనుకునేవాళ్ళకు సైతం ఈ మెసేజ్ చేసేది చెరుపే.

బానిసత్వం ముచ్చట ఒక్క పేరుతో తేలిపోతుంది: థామస్ మన్రో. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పుట్టి, మన రాయలసీమలో శిస్తులు లెక్కగట్టి, మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోయినవాడు. బానిసలకు గవర్నరు పదవి దొరికే దారి ఉందని తెలిస్తే మన తాతలూ దరఖాస్తు పెట్టుకునేవారు. 1707లో ఇంగ్లండ్, స్కాట్లాండ్ పార్లమెంట్లు రెండూ చట్టాలు చేసుకుని ఒకటయ్యాయి. అందులో లంచాలు నడిచాయన్న ఆరోపణ పాతదే. పనామా తీరాన వలస పెట్టబోయి చేతులు కాల్చుకున్న స్కాట్లాండ్ వాటాదారులకు పరిహారం ముట్టిన మాటా నిజమే. బేరం అనండి, ఒప్పుకుంటాను.

రిగ్గింగు సంగతి ఇంకా తేలిక. డండీ లెక్కింపు కేంద్రంలో 'అవును' ఓట్ల కట్టలు 'కాదు' అని రాసిన బల్ల మీద కనిపించాయన్న వీడియో ఒకటి ఆనాడు తిరిగింది. ఇంకా వేరు చేయని కట్టలను అక్కడ పెట్టామని అధికారులు అప్పుడే చెప్పారు. కాదన్నవారు 55.3 శాతం, అవునన్నవారు 44.7 శాతం, తేడా 3 లక్షల 80 వేల ఓట్ల పైచిలుకు. స్వాతంత్ర్యం కోరిన పక్షానికి నాయకుడైన అలెక్స్ సాల్మండ్ ఫలితాన్ని ఒప్పుకుని, ఓటింగు జరిగిన మరునాడే పదవి నుంచి దిగిపోతున్నట్టు ప్రకటించాడు. ఓడినాయనకు లేని అనుమానం పదేళ్ళు దాటాక మన అరుగుల మీద పుట్టడం విశేషం.

ఇక మెడలు వంచడం. 2011 స్కాట్లాండ్ పార్లమెంటు ఎన్నికల్లో సాల్మండ్ నడిపే స్కాటిష్ నేషనల్ పార్టీకి 129 స్థానాల్లో 69 వచ్చాయి. స్వాతంత్ర్యం మీద రెఫరెండం, అంటే ప్రజల ఓటింగు, పెడతామన్నది వాళ్ళ ఎన్నికల వాగ్దానం. 2012 అక్టోబరు 15న సాల్మండ్, అప్పటి బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరన్ స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోలో కూర్చుని ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఓటింగు పెట్టుకునే అధికారాన్ని లండన్ తాత్కాలికంగా బదలాయించింది. ఫలితం ఏదైనా ఇద్దరూ గౌరవించాలని ముందే రాసుకున్నారు. మెడలు వంచడానికి ప్రయత్నించిన చోటు వేరే ఉంది, స్పెయిన్‌లోని కాటలోనియా. 2017 అక్టోబరు 1న రాజ్యాంగ న్యాయస్థానం వద్దన్నా ఓటింగు పెట్టారు. పోలీసులు లాఠీలతో పోలింగు కేంద్రాల్లోకి దిగారు. నాయకుల్లో కొందరికి జైలు, ఒకాయన బెల్జియం పారిపోయాడు. మెసేజ్ రాసినవారు ఈ రెండు కథలనూ కలిపి వండారు. స్కాట్లాండ్‌కు కూడా రెండోసారి ఓటు కావాలంటే ఆ ఒప్పుదలే అడ్డు. లండన్ ఒప్పుకోకుండా ఎడిన్‌బరో సొంతంగా రెఫరెండం చట్టం చేయలేదని 2022 నవంబరు 23న బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చేసింది. మెసేజ్‌లోని "వచ్చే ఏడాది రెండో ఓటు ఖాయం" అన్న వాక్యానికి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

చమురు దగ్గర కాస్త ఆగాలి. స్వాతంత్ర్యం వస్తే ఏం చేస్తామో చెబుతూ అక్కడి ప్రభుత్వం 2013 నవంబరులో 670 పేజీల పుస్తకం అచ్చేసింది. మన దగ్గర పాంఫ్లెట్ వెనక వైపు ఖాళీగా ఉంటుంది, అది వేరే సంగతి. అందులో చమురు పీపా ధరను సుమారు 110 డాలర్లుగా లెక్కవేసుకున్నారు. 2014 వేసవిలో నిజంగానే ధర అలాగే ఉంది. ఓటు ముగిసి నాలుగు నెలలు తిరగకముందే 50 డాలర్ల కిందికి పడిపోయింది. 'అవును' గెలిచి ఉంటే కొత్త దేశం పుట్టాల్సిన రోజు 2016 మార్చి 24. ఆనాటికి ధర నలభై డాలర్ల దరిదాపుల్లో ఉంది. దీనికి తోడు కరెన్సీ చిక్కు. విడిపోయినా పౌండునే వాడుకుంటామన్నారు వీళ్ళు. ఉమ్మడి పౌండు కుదరదని 2014 ఫిబ్రవరిలోనే లండన్ ఆర్థికమంత్రి చెప్పేశాడు. ఆగస్టులో టీవీ చర్చలో "మరి రెండో ప్రణాళిక ఏమిటి?" అని ప్రత్యర్థి గుచ్చి గుచ్చి అడిగితే సాల్మండ్ దగ్గర సూటి జవాబు లేదు. పింఛను ఏ నోట్లలో వస్తుందన్నది ముసలివాళ్ళకు చిన్న ప్రశ్న కాదు.

మన మెసేజ్‌లో చమురుకు జోడీగా పలాస జీడిపప్పును నిలబెట్టారు. "ఒక్క జీడిపప్పుతోనే రాష్ట్రం నడుస్తుంది" అని. పలాస కర్మాగారాల్లోకి వెళ్ళి బస్తాల మీద ముద్రలు చదవండి. మన తోటల పిక్క చాలక ఆఫ్రికా దేశాల నుంచి ఓడల్లో తెప్పించుకుంటున్నారు. పప్పు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు జీడి సొనకు నల్లబడి తోలు ఊడుతుంటే, ఆ పప్పు మీద ఖజానా కట్టే పెద్దమనుషులు ఆ వేళ్ళను ఎప్పుడైనా చూశారా అని నా అనుమానం.

ఇంతవరకూ నవ్వి ఊరుకోవచ్చు. నాలుగో పాయింటు అలాంటిది కాదు. దాన్ని ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను: "స్కాట్లాండ్‌లో పుట్టిన ప్రతి ఒక్కరూ ప్రపంచంలో ఎక్కడున్నా ఓటేశారు. బయటి నుంచి వచ్చి చేరినవాళ్ళను దగ్గరికి రానివ్వలేదు. ఇక్కడా మూలవాసులకే ఓటు ఉండాలి."

పొరపాటు కూడా కాదు ఇది, తలకిందులు. 2014 సెప్టెంబరు 18న అక్కడ పుట్టుకను ఎవరూ అడగలేదు, చిరునామా అడిగారు. స్కాట్లాండ్‌లో నివాసం ఉండాలి, పదహారేళ్ళు నిండాలి, ఓటర్ల జాబితాలో పేరుండాలి. బ్రిటిష్ పౌరులతో పాటు ఐరోపా సమాఖ్య దేశాలవాళ్ళు, సరైన వీసాతో ఉంటున్న కామన్వెల్త్ దేశాలవాళ్ళు కూడా ఓటేయవచ్చు. మనదీ కామన్వెల్త్ దేశమే. అంటే గ్లాస్గోలో ఎంఎస్ చదువుతున్న మన నరసన్నపేట కుర్రాడికి స్కాట్లాండ్ భవిష్యత్తు మీద ఓటుంది. అక్కడే పుట్టి ఆ జెండాను ప్రపంచమంతా మోసిన షాన్ కానరీకి, మన జేమ్స్ బాండ్‌కు, ఓటు లేదు. ఆయన కాపురం అప్పట్లో బహామాస్‌లో. ఇంగ్లండ్‌లో స్థిరపడిన లక్షల మంది స్కాట్లకు లేదు. ఇంగ్లండ్‌లో పుట్టి స్కాట్లాండ్‌లో ఉంటున్న నాలుగు లక్షల మందికి పైగా జనాన్ని "మీరు పక్కకు తప్పుకోండి" అన్నవాడు లేడు. స్వాతంత్ర్యం కోరిన పార్టీయే ఈ నియమం కావాలంది. రేపు ఆ పన్నులు కట్టేది, ఆ ఆసుపత్రికి వెళ్ళేది ఎవరో వాళ్ళే చెప్పాలన్నది లెక్క.

ఆ నియమాన్ని ఇక్కడికి తెచ్చి చూద్దాం, మెసేజ్ పంపేవాళ్ళ ముచ్చట తీరుతుంది. ఉదయం పూట పైడిభీమవరంలో కంపెనీ బస్సులు ఆగేచోట నిలబడితే ఒడియా వినబడుతుంది, హిందీ వినబడుతుంది. వాళ్ళ జీతం ఇక్కడ, అద్దె ఇక్కడ, కొందరి పిల్లలు ఇక్కడి బడుల్లోనే. స్కాట్లాండ్ పద్ధతిలో వాళ్ళందరికీ ఓటు. హైదరాబాదు అపార్ట్‌మెంటులోనో డల్లాస్‌లోనో కూర్చుని "మూలవాసులం" అంటూ ఈ మెసేజ్ తోస్తున్న మిత్రులకు మాత్రం లేదు. పంపేముందు ఒకసారి చదువుకుని ఉంటే బాగుండేది.

అసలు మూలవాసి ఎవరు? సీతంపేట కొండల్లో సవరలు నిలబడి "మాకు ముందు మీరెవరు?" అంటే మనలో ఎంతమందిమి జవాబు చెప్పగలం? ఇచ్ఛాపురంలో ఇంట్లో ఒడియా, వీధిలో తెలుగు మాట్లాడే కుటుంబాలను ఏ గట్టున పెడతారు? బరంపురం నుంచి కోడలుగా వచ్చినామెను? మా నాయనమ్మ రంగంలో, అంటే బర్మాలోని రంగూన్‌లో, పుట్టింది. 1942లో జపాను బాంబులకు భయపడి జనం బర్మా వదిలి వచ్చేసినప్పుడు తల్లి చంక దిగని పిల్ల. మిగిలిన జీవితమంతా ఈ జిల్లాలోనే బతికి, ఇక్కడి మట్టిలోనే కలిసింది. పుట్టుక లెక్కన ఆవిడ రంగూన్ మనిషి. ఓటు లేదు, కూర్చో నాయనమ్మా!

ఈ మాటలో విషం ఎక్కడుందో చెబుతాను. మనది వలస జిల్లా. సముద్రం మీదికి పోవాలన్నా మన మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా పోతారు. 2014లోనే, స్కాట్లాండ్ ప్రచారం మంచి వేడి మీద ఉన్న రోజుల్లో, జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది పోయారు. వాళ్ళలో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలు ఎందరో. వాళ్ళు అక్కడ "బయటివాళ్ళే". పొట్టకూటికి వచ్చినవాడికి నోరుండకూడదని మనం ఇక్కడ చట్టం కోరితే, అదే చట్టం చెన్నైలో, హైదరాబాదులో మన పిల్లల మెడకు చుట్టుకుంటుంది. దేశంలో ఈ మాట అనడానికి అందరికన్నా చివర నిలబడాల్సినవాళ్ళం మనం. ముందు వరసలో నిలబడి ఫార్వార్డ్ చేస్తున్నాం.

అయితే స్కాట్లాండ్ నియమం మనకు అచ్చంగా సరిపోతుందని కూడా అనలేను. మౌలివాక్కంలో తట్ట మోసినవాడికి ఆ నియమం ప్రకారం ఇక్కడ ఓటు లేదు. ఇంటికి తాళం వేసి పోయాడు కాబట్టి. కానీ డల్లాస్‌లోని ఇంజినీరు వేరు, సంక్రాంతికి వచ్చి మళ్ళీ పోయే కూలీ వేరు. ఆ చిక్కు ఎలా విప్పాలో నాకూ తెలియదు. దాని మీద ఎవరైనా మెసేజ్ రాస్తే రెండుసార్లు చదువుతాను.

మూడో అధికరణంలో భూతద్దం పెట్టి వెతికినా ప్రజల ఓటింగు ఉండదు. కొత్త రాష్ట్రం చేసేది పార్లమెంటు. రాష్ట్ర శాసనసభ చెప్పేది అభిప్రాయం మాత్రమే. 2014 జనవరిలో మన శాసనసభ విభజన బిల్లును తిప్పికొట్టింది, ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది, జూన్ 2న తెలంగాణ వచ్చింది. కళ్ళముందు జరిగినదాన్ని కూడా వాట్సాప్‌లో నేర్చుకోవాలా?

"ఈ దేశంలో ఏనాడూ ఎవరినీ అడగలేదు" అన్నదీ అబద్ధమే. 1948లో జునాగఢ్‌ను అడిగారు. 1975లో సిక్కింను అడిగారు. 1967 జనవరి 16న గోవాను అడిగారు: మహారాష్ట్రలో కలుస్తారా, కేంద్రపాలిత ప్రాంతంగా ఉంటారా అని. "కలవం" అన్నారు, కలపలేదు.

కానీ ఆ మెసేజ్‌లోనే కింద ఇంకో చిన్న వాక్యం ఉంది, ఎవరూ పట్టించుకోనిది: "మన గీతలు గీసినప్పుడు మనల్ని అడగలేదు." దీన్ని ఖండించాలని కూర్చున్నాను, కుదరలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం ఇటు మిగిలింది. కమిటీలు కూర్చున్నాయి, లండన్‌లో తేల్చారు. రెండూళ్ళ మధ్య మహేంద్రతనయ నది ఒక్కటే అడ్డు. బజారూ ఒకటే, చుట్టరికాలూ ఒకటే. ఆ ఊళ్ళ జనానికి ఎవరూ ఓటు పెట్టలేదు. సాలూరు పైన కొటియా ఊళ్ళ సంగతి ఇంకా ఘోరం. వాటి మీద ఆంధ్ర, ఒడిశాల తగాదా 1968లో సుప్రీంకోర్టుకు ఎక్కింది, ఇప్పటికీ తెగలేదు. ఒకే ఇంట్లో రెండు రాష్ట్రాల రేషను కార్డులు, రెండు ఓటరు కార్డులు. 2021లో ఇటు పంచాయతీ ఎన్నికలు పెడితే అటువాళ్ళు కోర్టు ధిక్కారమన్నారు. ఇన్ని ఓట్లు వేయించుకున్నవాళ్ళలో ఒక్కరూ ఆ కొండవాళ్ళను "మీరు ఎటు ఉంటారు?" అని అడగలేదు.

అదే 2014లో స్కాట్లాండ్‌లో ఓటున్నవాళ్ళలో 84.6 శాతం మంది వెళ్ళి తమ మాట చెప్పారు. అంతకు ముందు రెండేళ్ళు ఇంటింటా, సారా దుకాణాల్లో, బడుల్లో వాదించుకున్నారు. ప్రశ్న ఒకవైపు మొగ్గేలా ఉందని ఎన్నికల సంఘం చెబితే దాన్ని కూడా మార్చుకున్నారు. విడిపోవాలన్నవాళ్ళు ఓడినా ఊరికే పోలేదు. ఆదాయ పన్ను రేట్లు నిర్ణయించుకునే అధికారం 2016 చట్టంతో వచ్చింది. దీన్ని చూసి ఈర్ష్యపడితే తప్పు లేదు, నేనూ పడుతున్నాను.

కాబట్టి బావా, ఆ ఒక్క వాక్యం ఉంచి మిగతాదంతా కొట్టేసి పంపు. పది గ్రూపులకు నేనూ పంపుతాను. మ్యాపు కూడా మార్చమను. మనకు ప్రత్యేక రాష్ట్రం ఇప్పించబోయే ఆ పెద్దలు గీసిన బొమ్మలో ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట ఒడిశాలో ఉన్నాయి.