చూడని జనం చప్పట్లు

సంక్రాంతికి కోనసీమ ఊళ్లలో కబడ్డీ బరి చుట్టూ జనం మూగితే, కూతకు వెళ్లే కుర్రాడి కాళ్లలో ఎక్కడ లేని ఊపు వస్తుంది. ఆ ఊపునే కంప్యూటర్ బొమ్మల ప్రేక్షకులతో పుట్టించాలని, కళ్లకు హెడ్‌సెట్ తగిలించుకుని ఆడే వర్చువల్ రియాలిటీ వ్యాయామ ఆటలు ప్రయత్నిస్తున్నాయి. ఆ జనం తన ఆటను నిజంగా గమనిస్తున్నారన్న నమ్మకం ఆటగాడికి కలిగితేనే ఇది ఫలిస్తుందని నా అభిప్రాయం.

మొన్న పండక్కి అమలాపురంలో మా మేనల్లుడు హెడ్‌సెట్ పెట్టుకుని బాక్సింగ్ ఆడుతుంటే టీవీలో చూశాను. మొదట్లో ఆటలోని జనం ఈలలు వినపడగానే గుద్దుల జోరు పెంచాడు. తర్వాత గురి తప్పిన గుద్దుకూ అదే కేరింత రావడంతో చేతులు దించేశాడు. "వీళ్లు చూడట్లేదు మావయ్యా, ఊరికే అరుస్తున్నారు" అన్నాడు. గుమ్మంలోంచి మా అమ్మ "అప్పుడే అలిసిపోయావేంట్రా?" అనగానే, ఆవిడ తన కంటికి కనిపించకపోయినా, మళ్లీ పుంజుకున్నాడు.

1968లో మనస్తత్వవేత్త నికొలస్ కాట్రెల్ బృందం చేసిన ప్రయోగం ఇక్కడ గుర్తుకొస్తుంది. చూస్తున్న ప్రేక్షకులు పక్కనుంటే మనుషుల పనితీరు మారింది. కళ్లకు గంతలు కట్టుకున్నవాళ్లు పక్కనుంటే ఆ ప్రభావం కనిపించలేదు. తప్పుకూ ఒప్పుకూ ఒకేలా చప్పట్లు కొట్టే బొమ్మల జనం ఆ గంతలవాళ్లతో సమానం.

చూసే జనమైనా అందరికీ మేలు చేయరు. బాగా అలవాటైన పనికి ప్రేక్షకులు ఊతమిస్తారని, కొత్తగా నేర్చుకుంటున్న పనిలో తడబాటు పెంచుతారని 1965లో మనస్తత్వవేత్త రాబర్ట్ జాయన్స్ వివరించారు. అంతకు చాలా ముందే, 1898లో, నార్మన్ ట్రిప్లెట్ చేపల గాలపు చక్రం తిప్పించిన 40 మంది పిల్లల్లో, పోటీ పెట్టగానే 20 మంది వేగం పుంజుకుంటే 10 మంది వెనకబడ్డారు. కాబట్టి మొదటి రోజుల్లో ఆటగాణ్ణి ఒంటరిగా వదిలి, అడుగులు కుదిరాకే జనాన్ని తేవడం, ఆ జనం మంచి గుద్దుకు లేచి, తప్పిన గుద్దుకు నిట్టూర్చేలా చేయడం తయారీదారుల బాధ్యత. మన డెల్టా ఉక్కపోతలో ఒళ్లు అలిసినా జనం కోసం ఆగకుండా ఆడేవాళ్లుంటారు కనుక, ఆ అరుపులను ఆపే మీట కూడా చేతికందేలా ఉండాలి.

వీధిలో నలుగురూ చూస్తారని నడకకు వెళ్లని మా చెల్లెలు, అదే హెడ్‌సెట్‌తో, తలుపు వేసుకుని, జనం లేని ఆటనే ఎంచుకుని రోజూ అరగంట చెమటోడుస్తోంది.